జోలె పట్టిన ఇంజనీరు

మార్చి 11

ఇంజనీర్లకు ఉద్యోగం వెతుక్కునే మెలకువలు చెప్పే ఒకావిడ వీడియో చూశాను. రోజూ పొద్దున్నే డైరీ రాయమంది. నిన్న ఏం చేశావో రాయి, చివర దేనికైనా ఒక కృతజ్ఞత రాయి, అంది. నలభై రెండేళ్ల మనిషికి హోంవర్క్ ఇచ్చింది. ఫీజు అడగలేదు కదా అని మొదలుపెట్టాను.

నిన్న చేసిన పని: దరఖాస్తులు పంపాను. మొన్న చేసిన పని: అదే. పదిహేడేళ్లు నేను టర్బైన్ల పక్కన బతికిన విద్యుత్ కేంద్రం దసరా ముందు రెండు యూనిట్లు మూసేసింది. మమ్మల్నందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టి, చేతికి లడ్డూ ఇచ్చి, ఆ తర్వాత సంగతి చెప్పారు. లడ్డూ తినాలో పక్కన పెట్టాలో ఎవరికీ తెలియలేదు. నేను తినేశాను.

అప్పట్నుంచి ఒడిశాలో మా బరంపురం, హల్దియాపదర్ పేటలో అమ్మ దగ్గర. దివ్యకు ఇక్కడికి రాగానే బళ్లో టీచరు ఉద్యోగం దొరికింది. పెళ్లాం ఉద్యోగానికి వెళ్తుంటే గుమ్మం దాకా సాగనంపే మొగుణ్ణి నేను. నాకు సంతోషమే. నిజంగా సంతోషమే.

కృతజ్ఞత: హాల్లో సీలింగ్ ఫ్యాను. దాని బేరింగు అరుస్తోంది. ప్రస్తుతం నా అధీనంలో ఉన్న తిరిగే యంత్రం అదొక్కటే.

మార్చి 14

వేణుకి ఫోన్ చేయాలి. రేపు చేస్తాను.

కృతజ్ఞత: పనసకాయ కూర.

మార్చి 15

చేయలేదు. ముందు రెజ్యూమె సరిగ్గా ఉండాలి కదా.

వేణు ట్రైనీగా నా దగ్గరే చేరాడు. స్క్రూడ్రైవర్ ఒక కొస బేరింగు మీద, రెండో కొస చెవికి ఆనించి లోపలి రొద వినడం నేనే నేర్పాను. నాలుగేళ్లు చేసి, మానేసి, సొంత ఊరొచ్చి ఐస్ ఫ్యాక్టరీల యంత్రాలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఇప్పుడు సోనేపూర్ నుంచి గోపాల్‌పూర్ దాకా సముద్రం ఒడ్డున ఉన్న ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు చాలావాటికి అతనే డాక్టరు. కింద మనుషులున్నారు. ఇల్లు అంకులిలో, మా ఇంటికి స్కూటర్ మీద ఎంతో దూరం లేదు.

ఉద్యోగాలు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే వస్తాయి, సిగ్గుపడకుండా మాట్లాడండి, అని వీడియో ఆవిడ కూడా చెప్పింది. నాకు సిగ్గేమీ లేదు. వేణుకి పని ఒత్తిడి ఎక్కువ, ఆదివారం అయితే తీరిగ్గా ఉంటాడు.

కృతజ్ఞత: దివ్య రాత్రి ఏమీ అడగలేదు.

మార్చి 17

ఆదివారం వెళ్లిపోయింది.

మార్చి 19

సోమేశ్వరరావు బాబాయి ఇంటికొచ్చాడు. నాన్న తమ్ముడు. బడా బజార్లో చింతపండు, ఎండుమిరపకాయల టోకు దుకాణం. నాన్న పోయాక ఒక్కడే నడుపుతున్నాడు. పిల్లల్లేరు, పిన్ని కూడా పోయింది. వచ్చి కూర్చుని, కాఫీ తాగి, అక్షయ తృతీయ నాటికి వచ్చి గల్లా దగ్గర కూర్చో అన్నాడు. వేరే ఎవరినో కుర్చీ జరపమన్నంత మామూలుగా అన్నాడు. ఆ రోజు కొత్తగా ఏది మొదలుపెట్టినా మంచిదట.

ఆలోచిస్తానన్నాను. లోపల మండిపోయింది. ఆయనకి నా మీద జాలి. అన్న కొడుకు ఇంట్లో ఖాళీగా ఫ్యాను కింద కూర్చున్నాడని జాలి. దుకాణం గల్లా దగ్గర ఒకసారి కూర్చున్నానంటే ఇంక లేవను. ఈ ఊళ్లో మా వాళ్లెవరూ లేవలేదు. మా తాత కూర్చున్నాడు, నాన్న కూర్చున్నాడు, నన్ను మాత్రం లేపి చదివించారు. అక్షయ తృతీయ లోపల నా పని నేను చూసుకోకపోతే ఇంజనీరుగా నా కథ అయిపోయినట్టే.

బాబాయి వెళ్లాక అమ్మ గర్వంగా అంది, “సూసావా. మన ఇంట్లో ఇచ్చే సెయ్యేగాని సాపే సెయ్యి లేదు.”

కృతజ్ఞత: ఇవాళ రాయబుద్ధి కావట్లేదు. సరే, బాబాయికే. జాలిపడ్డందుకు.

మార్చి 27

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. అటువైపు ఇద్దరు, కెమెరా ముందు నేను, కెమెరాకి కనపడని చోట లుంగీ. ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటారు, అని అడిగారు. టర్బైన్‌కి ఐదారేళ్లకోసారి పెద్ద మరమ్మతు వస్తుంది, కాబట్టి దాని కేసింగు కిందే ఉంటానని నిజం చెప్పాను. వాళ్లు నవ్వలేదు. సాయంత్రానికే మీకు శుభం కలుగుగాక అనే ధోరణిలో మెయిల్ వచ్చింది.

వేణుకి ఫోన్ చేయలేదు. ఇంటర్వ్యూకి తయారవడంలో కుదరలేదు.

కృతజ్ఞత: కాదని వెంటనే చెప్పారు. మిగతావాళ్లు అది కూడా చెప్పరు.

ఏప్రిల్ 3

ఠాకురాణి యాత్ర మొదలు కాబోతోంది. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వస్తుంది. వచ్చి కొన్ని వారాలుంటుంది. సాయంత్రమైతే ఘటాలు వీధుల్లో తిరుగుతాయి, మొక్కుకున్నవాళ్లు పులి వేషం, నారదుడి వేషం, ఇంకా ఏవేవో వేసుకుని తిరుగుతారు. కోరిక తీరిన తర్వాత వేషం కట్టడం ఆనవాయితీ.

అమ్మ పొద్దున్న నా ముందు కాషాయం గుడ్డ ఒకటి పెట్టింది. నాకు ఉద్యోగం వస్తే సన్యాసి వేషం కట్టించి జోలె పట్టిస్తానని మొక్కుకుందట.

రాలేదు కదా అన్నాను.

“అమ్మోరు మళ్లీ వచ్చేది రెండేళ్లకి. నీ ఉజ్జోగం అందాకా ఆగుతాదేటి? ముందు మొక్కు తీర్చీరా. తీర్చీసేక ఇవ్వకపోతే ఆ తల్లికే మాటొస్తాది.”

దుకాణదారుల ఇంటి కోడలు. అమ్మవారిని కూడా మొహమాటపెట్టగలదు. దివ్య వంటింట్లోకి వెళ్లి నవ్వింది. నాకు వినపడేటట్టే నవ్వింది. నేను కుదరదన్నాను. పదిహేడేళ్లు ఇంజనీరుగా చేసినవాణ్ని ఊళ్లో అడుక్కోమంటావా అన్నాను. గడ్డం పెడతాను, ఎవరూ పోల్చలేరు, అంది అమ్మ.

కృతజ్ఞత: గడ్డం.

ఏప్రిల్ 4

కుదరదని మళ్లీ చెప్పాను.

ఏప్రిల్ 6

ఒప్పుకున్నాను. అమ్మ భోజనం మానేసింది, ఇంకేం చేయను.

ఏప్రిల్ 10

నిన్నటిది అంతా రాయాలి. వీడియో ఆవిడ కోసం కాదు.

ఎండ తగ్గాక బయల్దేరాం. నేను ముందు, తనిఖీ అధికారిలా అమ్మ వెనక. కాషాయం, ఒంటినిండా విభూతి, భుజాన జోలె. గడ్డం జిగురుతో అంటించారు, దాని కింద ఒకటే దురద. జోలె నిండేదాకా ఇంటింటికీ వెళ్లి అడగాలి, వేషంలో ఉండగా సొంత పేరు చెప్పకూడదు. ఇవీ అమ్మ పెట్టిన నియమాలు.

 మొదటి ఇంటి గేటు దగ్గర నిలబడి దగ్గాను. వెనక నుంచి అమ్మ, “అడగరా. దగ్గితే మందిస్తారు,” అంది.

అడిగాను. “భిక్ష” అన్నాను. ఆ మాట నా గొంతులో నాకే కొత్తగా వినపడింది. ఎవరో ఒడియా ఆవిడ చేటలో బియ్యం తెచ్చి పోసి, కొంగు కప్పుకుని దండం పెట్టింది. నన్ను కాదు, వేషాన్ని. అయినా నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అడిగాను, ఆవిడ ఇచ్చింది, ఆకాశమేమీ ఊడిపడలేదు. రెండో ఇంట్లో, మూడో ఇంట్లో కూడా అంతే. ఒకచోట ఇప్పుడు కాదు, తర్వాత రమ్మన్నారు. దానికీ ఏమీ కాలేదు. పక్కింటికి వెళ్లాం.

బడా బజార్లో బాబాయి దుకాణం దగ్గర అమ్మ ఆపింది. సొంత ఇల్లు వదిలేయకూడదట. బాబాయి గల్లా దగ్గర నుంచి లేచి, దుకాణంలో బియ్యం ఎక్కడివి, ఒక చింతపండు ముద్ద తెచ్చి వేశాడు. అది జోలెలో పడలేదు, పక్కన రోడ్డు మీద పడింది. ఆయన చూపు నా మీద లేదు. ఎటో చూస్తూ వేశాడు. అన్న కొడుకుని ఈ అవతారంలో చూడలేక మొహం తిప్పుకున్నాడు. అమ్మ వంగి ముద్ద తీసి జోలెలో వేసింది.

ఇంటికి పోదామా అని అమ్మ అడిగింది. జోలె సగమే నిండింది. అప్పుడు నేనే అంకులి వెళ్దామన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఇంత అడిగాక ఆ ఒక్క ఇల్లు వదిలేస్తే ఇదంతా నాటకమవుతుందని అనిపించి ఉంటుంది. ఆటో ఎక్కాం. ఆటో అతను సన్యాసి దగ్గర కిరాయి తీసుకోనన్నాడు.

వేణు తనే బయటికొచ్చాడు. కాస్త లావయ్యాడు. గిన్నెతో బియ్యం పోసి, చెప్పులు విడిచి, తల వంచి దండం పెట్టాడు. నేను చెయ్యెత్తి దీవించాలి. చెయ్యి లేవలేదు.

“వేణూ, నేను రవికాంత్‌ని. నాకు పని కావాలి,” అన్నాను.

అమ్మ వెనక గట్టిగా ఊపిరి పీల్చింది. ఒక్క మాటలో నియమం తప్పాను, ఇంటి పరువు తీశాను. వేణు తలెత్తి నన్ను చూసి, అమ్మను చూసి, మళ్లీ నన్ను చూశాడు.

“లోపలికి రండి సార్. గడ్డం ఊడిపోతంది,” అన్నాడు.

కూర్చోబెట్టాడు, మంచినీళ్లిచ్చాడు. నా సంగతి దసరా నుంచీ తెలుసట. ఎవరో చెప్పారట. పిలిస్తే ఏమనుకుంటారోనని ఊరుకున్నాడట. నేను అతనికి ఫోన్ చేయని రోజులన్నీ అతనూ నాకు ఫోన్ చేయలేదన్నమాట. ఇంక పని ఇస్తానంటాడని చూస్తున్నాను. ఇవ్వననీ అనలేదు, ఇస్తాననీ అనలేదు. ఇలా అన్నాడు:

“అమ్మోరి ఏషంలో వచ్చి అడిగితే కాదనడానికి నాకు సెయ్యాడదు సార్. ఇంటిదాని ముందు, మా అమ్మ ముందు కాదనలేను. రేపు ఇదంతా తీసీసి, మీరు మీరుగా వచ్చి అడగండి. నేను కాదనాలంటే కాదనగలగాలి గదా.”

 ఇంటికొచ్చాక అమ్మ గడ్డం ఊడదీస్తూ, అతను మంచి మనిషి అంది. జిగురుతో పాటు కొంత చర్మం కూడా వచ్చింది.

కృతజ్ఞత: చాలామందికి. బియ్యం పోసిన అందరికీ. తర్వాత రమ్మన్న ఇంటికి కూడా.

ఏప్రిల్ 11

నిన్న సాయంత్రం వెళ్లాను. చొక్కా, ప్యాంటు, గడ్డం గీసుకున్న మొహం మీద ఎర్రటి దద్దుర్లు. వేషంలో ఉన్నప్పుడు ఆ మాట తేలిగ్గా వచ్చింది. ఈసారి రెండు వాక్యాలకి చెమటలు పట్టాయి. అయినా అడిగాను.

వేణు చాలా ప్రశ్నలు వేశాడు. నేను ఒకప్పుడు అతన్ని అడిగినట్టే అడిగాడు, మొహమాటం లేకుండా. ఐస్ గడ్డకట్టించే అమోనియా కంప్రెషర్ల గురించి నాకు తెలియనివి తెలియవని చెప్పాను. నా రెజ్యూమె చదివి పక్కన పెట్టాడు. ఇందులో మీరు చూసిన యంత్రాల పేర్లున్నాయి, అవి చెడిపోయినప్పుడు మీరేం చేశారో లేదు, అన్నాడు. ఎక్కడికి పంపినా అది రాసి పంపండి, నా దగ్గర చేరినా చేరకపోయినా, అన్నాడు. ఇన్ని వీడియోలు చూసినా నేను గ్రహించనిది ఇదే.

చివరికి తీసుకుంటానన్నాడు. మొదట కొన్నాళ్లు సోనేపూర్ ఐస్ ఫ్యాక్టరీలో అందరితో పాటు పని నేర్చుకోవాలి. పడవలు తెల్లవారకముందే వెళ్తాయి కాబట్టి పని చీకటితో మొదలై మధ్యాహ్నానికి అయిపోతుంది. జీతం పాతదాంట్లో సగం కూడా కాదు. ఒక షరతు ఉంది, అన్నాడు.

“అక్కడ నేను మిమ్మల్ని సార్ అననండి. అంటే మిగతావోళ్లు ఎవరి మాట ఇనాలో తెలీక తికమకపడతారు.”

ఏమంటావు అన్నాను. రవిగారూ అంటానన్నాడు. మరి నేను నిన్నేమనాలి అన్నాను. వేణు అనే అనండి, కానీ గట్టిగా కేకెయ్యకండి, అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఇంటికొస్తూ స్కూటర్ మీద ఏడ్చాను. బాగా ఏడ్చాను.

దివ్య నా నుదుటి మీద చెయ్యి పెట్టి, జ్వరం ఉందేమో చూసినట్టు చూసింది.

కృతజ్ఞత: వేణు.

ఏప్రిల్ 18

సోనేపూర్. ఐస్ దిమ్మ అచ్చులోంచి జారి వచ్చినప్పుడు దాని లోపల తెల్లటి పొగ గడ్డకట్టినట్టు ఉంటుంది. నీరు బాగుంటే, యంత్రం సరిగ్గా నడిస్తే ఆ పొగ పలచబడుతుందట. నేను చూస్తూ నిలబడిపోతే, వెనక నుంచి ఒక పడవ మనిషి, “ఏటండీ సూస్తారు, కరిగిపోతంది, జరగండి,” అన్నాడు. జరిగాను. పదిహేడేళ్లు నేను తయారు చేయించిన కరెంటు ఎవరి ఇంట్లో వెలిగిందో ఒక్కనాడూ చూడలేదు. ఇక్కడ నా కళ్లముందే దిమ్మ పడవెక్కి సముద్రంలోకి వెళ్తోంది.

కంప్రెషర్ బేరింగు రొద నాకు తెలిసిన భాషే. యాస వేరు.

కృతజ్ఞత: మధ్యాహ్నం నిద్ర. ఎన్నాళ్లకో పట్టింది.

ఏప్రిల్ 22

బాబాయికి ఇంకా చెప్పలేదు. రేపు చెబుతాను.

ఏప్రిల్ 25

కుదరలేదు. ఐస్ ఫ్యాక్టరీలో పని ఎక్కువ.

ఏప్రిల్ 28

ఇంక తప్పదని నిన్న మధ్యాహ్నం దుకాణానికి వెళ్లాను. అక్షయ తృతీయ ముంచుకొచ్చింది, గల్లా దగ్గర నాకోసం కొత్త పరుపు కుట్టించాడని అమ్మ చెప్పింది. దారిలో మాటలు సిద్ధం చేసుకున్నాను. మీ జాలికి కృతజ్ఞుణ్ని, కానీ నా కాళ్ల మీద నేను నిలబడ్డాను. ఇంచుమించు ఇదే ధోరణి. బాగానే ఉందనుకున్నాను కూడా.

గుమ్మంలో నిలబడి బాబాయ్ అన్నాను. అప్పుడు తల తిప్పాడు. ఉద్యోగం సంగతి చెప్పాను. మంచిదిరా, చాలా మంచిది, అన్నాడు. ఎండుమిర్చి ఘాటుకి నేను తుమ్ముతున్నాను. ఆయన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నేను సిద్ధం చేసుకున్న మాటలు చెప్పేశాను. నా మీద జాలితో పిలిచావు, ఆ మంచితనం మర్చిపోను అన్నాను.

ఆయన అన్నాడు, “నీకు పని లేదని పిలిసేననుకున్నావేటిరా. నాకు కళ్లు లేవని పిలిసేను.”

షుగరు. ఒక కంటితో ఏమీ కనపడదు, రెండో కంట్లో పొగ. గుమ్మంలోకి ఎవరొచ్చారో గొంతు విని పోలుస్తున్నాడు. కాటా మీద అంకెలు కనపడక ఎదుటివాళ్లనే చదవమంటున్నాడు. కొందరు సరిగ్గా చదువుతున్నారు. ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పలేదు, నాకు చెప్పలేదు. ఏడాదిగా.

నాకు ఆ చింతపండు ముద్ద గుర్తొచ్చింది. మొహం తిప్పుకోలేదు ఆయన. జోలె ఎక్కడుందో కనపడలేదు, అంతే.

మా ఇంట్లో సాపే సెయ్యి లేదని అమ్మ అంది. ఉంది. ఇన్నాళ్లూ నా ముందే ఉంది. ఇస్తున్నట్టు చాపాడు కాబట్టి నేను పోల్చలేదు. అడగడం ఎంత కష్టమో ఊరంతా తిరిగి నేర్చుకున్నవాణ్ని, సొంత బాబాయి అడిగితే నాకు వినపడలేదు.

ఎందుకు చెప్పలేదు బాబాయ్ అన్నాను. నవ్వాడు. నువ్వు నీ పని గోలలో ఉన్నావు కదరా, అన్నాడు. ఆ మాటలో దెప్పడం కూడా లేదు. ఉంటే బాగుండేది.

ఈ రోజు కృతజ్ఞత ఎవరికి రాయాలో తెలియడం లేదు. చెప్పినందుకు ఆయనకే.

ఏప్రిల్ 29

వేణుకి ఫోన్ చేశాను. వెంటనే చేశాను. చీకటితో మొదలయ్యే పని నాకే ఉంచమని, మధ్యాహ్నం తర్వాత ఎక్కడికీ పంపొద్దని అడిగాను. సరే అన్నాడు. బాబాయిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి ఒక రోజు సెలవు కూడా అడిగాను. దానికీ సరే అన్నాడు. ఇంకేమైనా అడుగుతారా రవిగారూ, అన్నాడు. ప్రస్తుతానికి ఇంతే అన్నాను.

అమ్మకి చెప్పాను. ఏడ్చింది. తర్వాత లేచి బాబాయికి క్యారియర్ కట్టింది.

మే 1

నిన్న అక్షయ తృతీయ. సోనేపూర్ నుంచి వచ్చి, స్నానం చేసి, దుకాణానికి వెళ్లాను. గల్లా దగ్గర బాబాయే కూర్చున్నాడు. ఆ పక్కన కాటా దగ్గర నేను. కొత్త పరుపు ఆయనకే వేశాను. అంకెలు నేను చదివాను, బేరం ఆయన చేశాడు. గొంతు విని మనిషి పేరు, ఊరు, వాళ్లింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో అన్నీ చెబుతున్నాడు. ఒక పాత ఖాతాదారు నన్ను చూసి, ఇంజనీరుగారు దుకాణంలో కూర్చున్నారేమిటి అని వెటకారమాడాడు. పొద్దున్న ఐస్, సాయంత్రం మిర్చి అని చెప్పాను. అందరం నవ్వాం. నాకు ఏమీ అనిపించలేదు. నిజంగానే అనిపించలేదు.

మొన్న సెలవు పెట్టి తీసుకెళితే, కంటి డాక్టరు రెండో కన్ను నిలబెట్టడానికి ప్రయత్నిస్తానన్నాడు. ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. మాట మాత్రం ఇవ్వలేదు.

సాయంత్రం జనం పలచబడ్డారు. మిర్చి బస్తాల మీద దుమ్ము దులుపుతున్నాను. బాబాయి నా వైపు తిరిగి, రవీ, కాస్త మంచినీళ్లియ్యరా, అన్నాడు. చెంబు ఆయన మోచేతి పక్కనే ఉంది.

ఆయన చెయ్యి చాపాడు. చెంబు ఆ చేతిలో పెట్టి, వేళ్లు బిగిసేదాకా వదల్లేదు.